మారిన మనిషి: గిడుగు రామమూర్తి పంతులుగారు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనలో ఒక సామెత కలదు. ఓడ యెక్కుదాక ఓడ మల్లయ్య, ఓడ దిగిన పిమ్మట బోడి మల్లయ్య యని మరియొకటి కలదు. మొదటిది మనుష్యుడు మారడని చెప్పుచున్నది. రెండవది మారినవానిని నమ్మరాదని హెచ్చరించుచున్నది. ఈ సామెతలను పుట్టించిన లోకానుభవమును నేను కాదనను. కాని చరిత్రను పరిశీలించినప్పుడు ఈ రెంటికిని లొంగని మనుష్యులు కొందరు కనబడుదురు. వారు నడివయస్సు దాటిన పిమ్మట తమ అభిప్రాయములను, తమ పనిని, తుదకు తమకు పేరు తెచ్చిన పాండిత్యమునే ప్రక్కకు పెట్టి క్రొత్తదారి పట్టిరి. అయినను వారు పరాయివారు కాలేదు సరికదా, ఆ మార్పు తరువాతనే లోకము వారిని వారుగా గుర్తించినది. మనుష్యుని వ్యక్తిత్వము మారక నిలిచినదానిలో ఉన్నదా, మారినదానిలో ఉన్నదా యను ప్రశ్నకు అట్టివారి జీవితములే సరియైన సమాధానము చెప్పగలవు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము అట్టిది.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన వంశధారా తీరమున, ముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేట అను గ్రామమున జన్మించిరి. అది నేటి శ్రీకాకుళము జిల్లాలోనిది. తండ్రి వీర్రాజుగారు 1875లో గతించిరి. పండ్రెండేండ్ల బాలుడు విజయనగరము చేరి మహారాజావారి పాఠశాలలో చదువుకొనెను. ఆ పాఠశాలలోనే గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. ఆనాడు ప్రక్కప్రక్కన కూర్చున్న ఆ యిద్దరు బాలురు ముప్పదియేండ్ల పిమ్మట ఒకే వాదమునకు రెండు భుజములు కాగలరని ఎవరును ఊహించి యుండరు. 1880లో పంతులుగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులై చేరిరి. అప్పటికి ఆయన వయస్సు పదునేడు సంవత్సరములు. ఉద్యోగము చేయుచునే స్వయముగా చదివి బి.ఏ. పట్టమును పొందిరి. కళాశాలలో చరిత్ర బోధించుచుండిరి.

ఈ విధముగా చూచినచో అది ఒక చిన్న సంస్థానపు పట్టణములోని పంతులు జీవితమే. నెమ్మదిగా సాగి, నెమ్మదిగా ముగియవలసిన జీవితము. అట్లు జరుగకపోవుటకు మొదటి కారణము ముఖలింగమున నున్న రాళ్లు.

ముఖలింగేశ్వరస్వామి ఆలయపు గోడలమీద ప్రాచీన శాసనములు అనేకము కలవు. పుట్టినప్పటినుండి ఆ ప్రాంతమువారు వానిని చూచుచునే యున్నారు గాని చదువగలవారు లేరు. చరిత్ర చెప్పు ఉపాధ్యాయునకు తన ఊరి గుడిగోడమీదనున్న చరిత్ర తెలియకపోవుట పంతులుగారికి సహింపరానిదయ్యెను. గురువు లేకయే ప్రాచీన లిపులను కూడబలుకుకొని ఆయన శాసనములను చదువ నేర్చిరి. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము మరెక్కడనో లేదు, ఈ ముఖలింగమే యని ప్రతిపాదించిరి. గాంగ వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును పరిష్కరించి ప్రకటించిరి. పుస్తకములో ఉన్నదానిని పిల్లలకు చెప్పుటతో తృప్తిపడిన ఉపాధ్యాయుడు, పుస్తకములో లేనిదానిని రాతిమీద వెదకు పరిశోధకుడయ్యెను. ఇది మొదటి మార్పు.

రెండవ మార్పు కొండలనుండి వచ్చినది. పర్లాకిమిడికి పైనున్న కొండలలో సవరలు నివసింతురు. సంతలకు వారు దిగివచ్చెదరు. వారితో పట్టణమువారికి బేరమే గాని మాట లేదు. మన ఐతరేయ బ్రాహ్మణములో శునశ్శేఫుని కథయందు ఆంధ్రుల ప్రక్కనే శబరులు పేర్కొనబడిరి. అనగా రెండువేల యేండ్లకు పైబడిన ఇరుగుపొరుగు. అయినను ఆ పొరుగువాని భాష నేర్చుకొనవలెనని తోచిన ఆంధ్రుడు లేడు. పంతులుగారు దానికి పూనుకొనిరి. సవర యువకులను తమ ఇంటనే ఉంచుకొని, వారి నోట వినుచు, విన్నది వ్రాసికొనుచు, వ్రాసినది మరల వారికి వినిపించి దిద్దుకొనుచు ఆ భాష నేర్చుకొనిరి. ఆ కాలపు ఆచారములను ఎరిగినవారికి బ్రాహ్మణ గృహమున ఇది ఎంతటి సాహసమో వేరుగ చెప్పనక్కరలేదు.

సవర భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. అది తెలుగునకు గాని ఒరియాకు గాని చుట్టము కాదు. సంతాలీ, ముండారీ భాషలతోడి ముండా కుటుంబమునకు చెందినది. మాట నడుమ గొంతులో ఊపిరిని ఒక్క క్షణము బిగబట్టి విడుచు ధ్వని ఒకటి అందులో కలదు. దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు. వారి లెక్క మరింత వింతైనది. పండ్రెండు వరకు విడివిడి మాటలు కలవు. పదమూడును పండ్రెండు-ఒకటి యందురు. ఇరువది చేరిన పిమ్మట ఇరువదుల చొప్పున లెక్కింతురు. తొంబదిమూడు చెప్పవలెనన్నచో నాలుగిరువదులు, పండ్రెండు, ఒకటి యని చెప్పవలెను. ఇట్టి భాషను నేర్చుకొనువాడు తనకు తెలిసిన వ్యాకరణమును గడపవెలుపల విడిచి రావలెను. ఇది ఒప్పు, ఇది తప్పు అని తాను చెప్పుటకు వీలులేదు. సవరవాడు ఎట్లు పలికిన అదే ఒప్పు. పండితుడు విద్యార్థి, చదువురానివాడు గురువు. ఈ తలక్రిందుల పాఠశాలలో పంతులుగారు అనేక సంవత్సరములు గడిపిరి.

ఆ శ్రమకు ఆయన చెల్లించిన వెల తక్కువది కాదు. మన్యపు జ్వరమునకు విశేషముగా క్వినైను సేవించుటచే ఆయనకు వినికిడి పోయెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. సవర పిల్లలకై వారి భాషలోనే పాఠములు వ్రాసి, స్వంత వ్యయముతో బడులు నడిపిరి. మదరాసు ప్రభుత్వము పారితోషికము ఈయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరట. ఆయన సవర వ్యాకరణము 1931లోను, ఇంగ్లీషు-సవర నిఘంటువు 1933లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. కుమారుడు సీతాపతిగారు ఈ కృషిలో తండ్రికి తోడైరి.

ఇంతవరకు చెప్పిన మార్పులు ఒక విధమైనవి. తెలియనిదానిని తెలిసికొనుట కష్టమే గాని అవమానము కాదు. ఇక మూడవ మార్పు అట్టిది కాదు. తెలిసినదనుకొన్నదానిని తెలియదని ఒప్పుకొనవలసి వచ్చెను.

1907 ప్రాంతమున జె. ఏ. యేట్సు అను దొర ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా నుండెను. ఆయన తెలుగు నేర్చుకొన దలచి మన పుస్తకములు చదివెను. బడిలోనికి పోయి చూడగా పిల్లలు మాటాడు తెలుగునకును ఆ పుస్తకములలోని తెలుగునకును పొంతన కుదురలేదు. పిల్లవాడు 'వస్తున్నాడు' అనును. పుస్తకములో 'వచ్చుచున్నాడు' అని యుండును. పిల్లవాడు 'చేశాడు' అనును; పుస్తకము 'చేసెను' అనుమనును. ఉపాధ్యాయుడు సయితము పాఠము చదివి, దాని అర్థమును తానును వాడుకమాటలలోనే చెప్పుచుండెను. ఇది యేమి వింత, మీ భాష ఏది, ఇదియా అదియా అని యేట్సుదొర ప్రశ్నించెను. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులుగా నున్న పి. టి. శ్రీనివాసయ్యంగారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తియే యని చూపించిరి.

పంతులుగారికి అప్పుడు నలుబదినాలుగేండ్లు. అప్పటికి ఇరువదియేడు సంవత్సరములనుండి ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారు. చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణము 1858లోను వెలువడినది మొదలు బడులలో చెలామణియైన తెలుగు ఏదో ఆ తెలుగులోనే చదివి, ఆ తెలుగునే ఒప్పని ఎంచిన తరమువారు. పరదేశీయుడు అడిగిన ప్రశ్నకు 'ఇది గ్రంథభాష, అది వాడుకభాష, మా దేశాచారమిట్టిది' యని సమాధానము చెప్పి పంపివేయుటకు ఏ అడ్డంకియు లేదు. పండితులనేకులు అట్లే చెప్పిరి. పంతులుగారు అట్లు చెప్పలేకపోయిరి.

ఎందుచేత? ఈ ప్రశ్నలోనే ఆయన జీవితపు మర్మమున్నదని నాకు తోచుచున్నది. యేట్సుదొర ప్రశ్నచే ఆయన ఒక్క దినములో మారిపోయెనని సాధారణముగా చెప్పుకొందురు. ప్రశ్న యేట్సుదే గాని దానిని వినగల చెవిని సిద్ధపరచినవారు సవరలు. నోటిమాటయే భాషయనియు, వ్రాత దానికి గుర్తు మాత్రమేననియు, పలుకువాడే ప్రమాణమనియు ఆ కొండవారి యెదుట ఆయన నేర్చుకొని యుండిరి. లిపిలేని సవరభాషకు ఇచ్చిన గౌరవమును తన తల్లి మాటాడు తెలుగునకు ఈయలేదే యను తలంపు కలిగిన తరువాత ఇక వెనుకకు పోవుట ఆయనకు సాధ్యము కాలేదు. పొరుగింటి భాష నేర్చుకొనిన పిమ్మట తన యింటి భాష వినబడినది.

అంతటితో ఆగక పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞుల గ్రంథములను తెప్పించి చదివిరి. తరువాత తమ పాత విద్యను క్రొత్తపనికి వినియోగించిరి. రాతిమీది తెలుగు ఎట్టిది? శాసనములలో, వ్యాఖ్యానములలో, కైఫీయతులలో పూర్వులు వచనము ఎట్లు వ్రాసిరి? తాము మాటాడినట్లే వ్రాసిరి. వ్యాకరణము తప్పని చెప్పు రూపములు ఆ వ్రాతలలో కోకొల్లలు. అట్టి ప్రాచీన వచనమును కూర్చి గద్యచింతామణి యను సంకలనము చేసిరి. కావ్యభాషను ఆయన ద్వేషింపలేదు. నన్నయ తిక్కనల పద్యమును గౌరవించిరి. పద్యమునకు ఏర్పడిన భాషను ఈనాటి వచనముమీద, అందులోను బడిపిల్లవాని చేతివ్రాతమీద మోపుట కొత్త ఆచారమే గాని సంప్రదాయము కాదని ఆయన వాదము.

ఇందుకు దేశమంతటను దుమారము లేచినది. పరీక్షలలో తెలుగు వ్యాసరచన ఏ శైలిలో నుండవలెనను వివాదము మదరాసు విశ్వవిద్యాలయమునకు ఎక్కెను. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో ఆంధ్రసాహిత్య పరిషత్తు స్థాపితమై గ్రాంథికమునకు కోటగోడ యయ్యెను. రామయ్య పంతులుగారును శాసన పరిశోధకులే, విద్వాంసులే యను సంగతి మనము మరువరాదు. భాష చెడిపోవునను ఆయన భయము కపటమైనది కాదు. 1914లో అప్పారావుగారు విశ్వవిద్యాలయ సంఘమునకు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. ఫలితము లేకపోయినది. గ్రాంథికవాదులే గెలిచిరి. 1915 నవంబరు 30వ తేదీన అప్పారావుగారు కన్నుమూసిరి. రామమూర్తి పంతులుగారు దాదాపు ఒంటరివారైరి.

అప్పటికి ఆయన ఉద్యోగమునుండి విరమించి నాలుగేండ్లయినది. వయస్సు యేబదిరెండు. ఓడిపోయినవాదము, పోయిన మిత్రుడు, వినబడని చెవులు. ఇంటిపట్టున కూర్చున్నచో ఎవరును తప్పుపట్టెడివారు కారు. ఆయన పుస్తకముల మూటలు కట్టుకొని ఊరూర తిరుగుట ప్రారంభించిరి. సభలో నిలువబడి, ఇదిగో శాసనము, ఇదిగో వ్యాఖ్యానము, ఇదిగో మీరు వ్రాసిన వచనమే, ఇందులో మీ వ్యాకరణమునకే ఎన్ని తప్పులున్నవో చూడుడని పుట తీసి చూపుచుండిరి. గ్రాంథికమునే వ్రాయవలెనను పండితులు దానిని తప్పులేక వ్రాయలేరని నిరూపించుటకు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' వ్రాసిరి. 1919లో 'తెలుగు' అను పత్రికను నడిపిరి. ఎదుటివారి ఆక్షేపణలు ఆయనకు వినబడెడివి కావు; కాగితముమీద వ్రాసి చూపవలసి యుండెను. నోటిమాట గౌరవముకొరకు పోరాడిన మనుష్యునకు నోటిమాట వినబడకుండుట విధి యాడిన పరిహాసము వంటిది.

ఈ సందర్భమున మరియొక మార్పును చెప్పక విడువరాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు చిన్ననాట నిరోష్ఠ్య కావ్యము వ్రాసిన పండితులు. తరువాత సులభ వచనమునకు దిగినవారు. అయినను చిరకాలము గ్రాంథికపు మేర దాటనివారు. అట్టి వీరేశలింగముగారు డెబ్బదియేండ్ల వయస్సున, 1919లో రాజమహేంద్రవరమున వ్యావహారిక భాషా ప్రచారమునకై ఏర్పడిన సమాజమునకు అధ్యక్షత వహించిరి. ఆ యేడు మే నెలలోనే పరమపదించిరి. బ్రతుకున మిగిలిన కొద్ది నెలలకొరకు అభిప్రాయమును మార్చుకొనుట ఎందుకని ఆయన అనుకొనలేదు. శతావధానములతో దేశమును జయించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును ఆ త్రోవకే వచ్చి, కబుర్లు చెప్పినట్లు సాగు వచనమును వ్రాసి పెట్టిరి. ఒక మనుష్యుడు ధైర్యముగా మారినచో మరికొందరికి మారుటకు దారి యేర్పడును.

మొదట చెప్పిన బోడి మల్లయ్య సామెత ఇక్కడ మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. ఓడ దిగినవాని మార్పునకును పంతులుగారి మార్పునకును భేదమెక్కడ? ఆ మార్పువలన ఎవరికి ఏమి లభించినదో చూచినచో తెలియగలదు. మల్లయ్య మారి రేవుకూలి మిగుల్చుకొనెను. పంతులుగారు మారి భాషాద్రోహి యనిపించుకొనిరి. లాభమునకు మారినవానికి ఆ మార్పు మరునాటికి మరచిపోవుటకు వీలగును. నష్టమునకు ఒప్పుకొని మారినవాడు జీవితాంతము దానికి జవాబుదారి.

ఇంకొక నష్టము ఆయనకొరకు వేచియున్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. పర్లాకిమిడి పట్టణము అందులో చేరినది. దానిని ఎదిరించినవారిలో పంతులుగారొకరు. చేరుట తప్పనప్పుడు, పదునేడవ యేటినుండి యేబదియారు సంవత్సరములు కాపురమున్న ఊరిని విడిచి రాజమహేంద్రవరము వచ్చివేసిరి. డెబ్బదిమూడవ యేట క్రొత్త ఊరు, క్రొత్త ఇల్లు. పొరుగు భాషను ప్రేమించి నేర్చినవాడు తన భాషకు నీడలేని చోట నిలువనని వెడలిపోవుటలో వైరుధ్యము లేదు. ఎవరి భాష వారి యింట నిలువవలెననుటయే ఆయన సవరలకు చేసిన సేవకును, తెలుగునకు చేసిన సేవకును మూలసూత్రము.

తుదిదినములలో గౌరవములు వచ్చినవి. 1934లో ప్రభుత్వము కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చెను. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. అయినను బడిపుస్తకములలోను, పరీక్షలలోను ఆయన కోరిన మార్పు పూర్తిగా రాలేదు. అందుకు ఇంకను కొన్ని దశాబ్దములు పట్టెను. 1940 జనవరిలో మదరాసున పత్రికా రచయితల యెదుట ఇదే విషయమును గూర్చి చివరిసారి విజ్ఞప్తి చేసిరి. ఆ నెల 22వ తేదీన అక్కడనే దివంగతులైరి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినముగా మనము జరుపుకొనుచున్నాము.

ఆయన వలదన్న శైలిలోనే ఆయన కథను చెప్పుచున్నానని పాఠకులు నవ్వుకొనవచ్చును. నవ్వుట న్యాయమే. నా చేతికి అలవడిన శైలి ఇది. చేసెను అని వ్రాయు చేయి చేశాడు అని వ్రాయుటకు ఎంత మొరాయించునో నేనెరుగుదును. నలుబదినాలుగవ యేట ఆ మొరాయింపును జయించినవాని గొప్పతనము, జయింపలేనివానికే బాగుగ తెలియును. ఒక్క క్రియారూపముకొరకు మనమింత తడబడుచుండగా, జీవితమార్గమునే మార్చుకొనినవారిని చూచి నిలుకడలేనివారని తేలికగా అనరాదు.

పర్వతాలపేట బాలుడు, పర్లాకిమిడి పంతులు, ముఖలింగపు శాసన పరిశోధకుడు, సవరల శిష్యుడు, వాడుకభాషకు వకీలు - వీరందరు ఒక్కరేనా? వృత్తి మారినది, అభిప్రాయము మారినది, ఊరు మారినది. మారనిది ఒక్కటే కలదు. ఎవరో చెప్పినదానికంటె తన కంటికి కనబడినది, తన చెవికి వినబడినది ఎక్కువ ప్రమాణమని నమ్ముట. రాతియెదుట ఆ నమ్మకమే, సవరవాని యెదుట ఆ నమ్మకమే, తెలుగు పిల్లవాని యెదుటను ఆ నమ్మకమే. ఆ నమ్మకమునకు కట్టుబడి యుండుటకే ఆయన ఇన్నిసారులు మారవలసి వచ్చెను. మారక యుండినచో ఆయన తన స్వభావమునకే దూరమై యుండెడివారు.

సవరల లెక్కలో పండ్రెండు దాటినవాడు మరల ఒకటినుండి ప్రారంభించును. అయితే మొదటి పండ్రెండును పారవేయడు. పండ్రెండు-ఒకటి యని దానిమీదనే ఎంచుకొనుచు పోవును. ఆ లెక్కను మనకు వ్రాసి పెట్టిన పంతులుగారి వయస్సును గూడ ఆ విధముగానే ఎంచవలెనేమో.